పక్క గదిలో బిగింపు

బొమ్మనహళ్ళిలోని కొత్త ఆఫీసుకు పన్నెండు బల్లలు విడివిడి ముక్కలుగా వచ్చాయి. బిగించే మనుషులకు డబ్బు దండగని ఓనరు ఆ పని గుమాస్తా చౌడప్పకు అప్పజెప్పాడు. రాత్రి తొమ్మిదికి మూడు బల్లలు పూర్తయ్యాయి. అరచేతులు బొబ్బలెక్కాయి.

అప్పుడు మిగతా ముక్కలు పెట్టిన పక్క గదిలో ఎవరో స్క్రూలు తిప్పుతున్న చప్పుడైంది. వెళ్లి లైటు వేస్తే మనిషి లేడు. నాలుగో బల్ల మాత్రం నిలబడి ఉంది. అతను వెనక్కి రాగానే చప్పుడు మళ్ళీ మొదలైంది.

చౌడప్పకు ఒళ్లు మండింది. ఓనరుకు ఫోన్ చేశాడు.

“ఫిట్టర్లను పిలిచి నాకొక మాట చెప్పకూడదా సార్? నా చేతులు పుండ్లయి ఉండాయి.”

“నేనెవర్నీ పిలవలేదప్పా.”

“మరి పక్క గదిలో బిగిస్తా ఉండేదెవరు?”

“ఊరికే చేస్తా ఉంటే చేయనీ,” అని ఓనరు ఫోన్ పెట్టేశాడు.

పక్క గదిలో చప్పుడు ఆగింది. అక్కడినుంచి ఒక గొంతు నెమ్మదిగా అడిగింది.

“మా కూలి ఎవరిస్తారన్నా?”