నీలం సున్నా

ప్రింటరులో ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాల్లో ఒకటి పూడుకుపోతే కాగితం మీద తెల్లగీత పడుతుంది. పక్క రంధ్రాలే ఆ వెలితిని కప్పేసేలా నేనొక సర్క్యూట్ కట్టాను. ఆరేళ్లు పట్టింది. అలాంటిది ఇంకెవరైనా కట్టి ఉంటే చూపించమనండి.

మా ల్యాబు పెద్దాయన మాత్రం ప్రతి నమూనా కాగితాన్నీ భూతద్దంతో గాలించి, నీలం పెన్సిలుతో సున్నా చుట్టేవారు. "ఇదుగోనమ్మా, ఇక్కడ దొరికిపోయావ్" అనేవారు. బాగుందని ఒక్కసారైనా అనకుండానే కిందటి నెల కన్నుమూశారు.

ఈ రాత్రి ల్యాబులో నేనొక్కదాన్నే ఉన్నాను. కావాలనే ఒక రంధ్రాన్ని ఆపేశాను. ఏది ఆపానో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

"ఇప్పుడు పెట్టండి సార్ వంక, చూద్దాం!" అంటూ బటన్ నొక్కాను.

బూడిదరంగు పరుచుకున్న కాగితం ఎక్కడా గీత లేకుండా నున్నగా వచ్చింది. గర్వంగా దీపం కిందికి తీసుకెళ్లాను.

సరిగ్గా నేను ఆపిన రంధ్రం దారిలో నీలం సున్నా చుట్టి ఉంది. ఆ ప్రింటరులో ఉన్నది నల్ల ఇంకు ఒక్కటే.

నాకు ఉక్రోషం ఆగలేదు.

"పట్టుకున్నారు, సరే. ఇంతకీ బాగుందా, లేదా? అది చెప్పండి!"

నేను బటన్ ముట్టుకోలేదు.

ప్రింటరు ఇంకో కాగితాన్ని మెల్లగా లోపలికి లాక్కుంది.