తడవని రాత్రులు

“నెల రోజులు మీరు చెప్పినట్టే చేశాం. ఇంక ఏదో ఒక మాత్ర రాసి పుణ్యం కట్టుకోండి డాక్టరమ్మా,” అన్నాడు గూడ్సుబండి డ్రైవరు, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే.

పక్కన భార్య ఒళ్లో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదేళ్ల కూతురు, ఇంట్లో అందరికీ దొరసాని, తల్లి కుర్చీ వెనక నిలబడి గౌను అంచు వేలికి చుట్టుకుంటోంది.

“పరీక్షలన్నీ బాగున్నాయి. పక్క తడిపినంత మాత్రాన మందులు మింగించక్కర్లేదండీ,” అంది డాక్టరు. “పగలు నీళ్లు బాగా తాగుతోందా?”

“తాగుతోందండీ,” అంది తల్లి. “సాయంత్రం దాటాక తగ్గిస్తున్నాను. పడుకునే ముందు బాత్రూంకి పంపిస్తున్నాను.”

“తిట్టడం, కొట్టడం లేవు కదా?”

“అబ్బే,” అన్నాడు డ్రైవరు. “ఒక్క దెబ్బ వేస్తే ఒట్టు.”

అది నిజమే. కొట్టలేదు. మొన్న తడిసిన పరుపును కూతురి నెత్తినే పెట్టి, రెండంతస్తుల మెట్లెక్కించి, డాబా మీద ఆరేయించాడు. మెట్ల మీద ఎదురైనవాళ్లకి పరుపు ఎందుకు మోస్తోందో దాని నోటితోనే చెప్పమన్నాడు. వినపడీ వినపడకుండా చెప్పింది పిల్ల. వచ్చే ఏడు హాస్టల్లో వెయ్యాలి, అక్కడ పదిమందిలో నగుబాటయ్యేకంటే ఇక్కడే సిగ్గు తెలిస్తే మంచిదని అతని ఉద్దేశం.

“క్యాలెండరు తెచ్చారా? పొడిగా లేచిన రోజు పాప చేత నక్షత్రం పెట్టించమన్నాను.”

తల్లి సంచి మీద చెయ్యి తీయలేదు. “ఈసారి తెస్తానండీ.”

“సంచిలోనే పెట్టావుగా,” అంటూ డ్రైవరు తనే తీసి టేబుల్ మీద పెట్టాడు.

డాక్టరు విప్పి చూసింది. ఆమె ముఖం విప్పారింది. “తొమ్మిది ఉన్నాయే. నెల రోజుల్లో తొమ్మిదంటే మాటలా. ఆ రాత్రులు ఏం చేశావు తల్లీ?”

“ఏం చెయ్యలేదు,” అంది దొరసాని. “పడుకున్నా. తెల్లారిపోయింది.”

“ఇంట్లో ఏమైనా మార్పు చేశారా అమ్మా, ఆ రోజుల్లో?”

“ఏం లేదండీ. మామూలే.” తల్లి తలెత్తలేదు.

“అయితే ఆ మామూలే రోజూ ఉండేట్టు చూసుకోండి. అంతకు మించిన మందు నా దగ్గర లేదు.” డాక్టరు క్యాలెండరు డ్రైవరు చేతికిచ్చింది. “మీరూ ఒకసారి చూసి, బాగుందని ఓ మాట చెప్పండి. నాన్న మెచ్చుకుంటే పిల్లలకి కొండంత బలం.”

అతను దాన్ని చూడటం ఇదే మొదలు. ఎర్ర పెన్సిలుతో, అయిదు కొనలూ శ్రద్ధగా దిద్దిన నక్షత్రాలు. నాలుగు, అయిదు, ఆరు తేదీల్లో మూడు. పద్నాలుగు, పదిహేనుల్లో రెండు. ఇరవై రెండు నుంచి ఇరవై అయిదు దాకా వరసగా నాలుగు.

శభాష్ దొరసానీ అనబోయి ఆగిపోయాడు. మళ్లీ మొదటి తేదీ నుంచి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు.

ఆ తొమ్మిదీ, అతను బండి మీద వెళ్లి ఇంటికి రాని రాత్రులు.