ఎదుటి కుర్చీ

"ఆ ఖాళీ కుర్చీలో మీ ఆయన కూర్చున్నారనుకోండి గున్నమ్మగారూ. మనసులో ఉన్నది అడిగేయండి," అంది కనకలత.

భిలాయి స్టీలు టౌన్‌షిప్పు ఐదో సెక్టారు క్లబ్బు గదిలో, భర్తలు పోయిన ఆరుగురు ఆడవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు. కౌన్సెలింగు చదువులో కనకలత నేర్చుకున్న పద్ధతి ఇది.

గున్నమ్మకు ఐదు నెలలుగా నిద్ర లేదు. పోయిన రోజు ఉదయం గుండెలో నొప్పి అని డాక్టరుతో చెప్పిన మనిషి తనతో ఎందుకు చెప్పలేదో ఆమెకు తెలియాలి.

ఆమె చప్పున లేచి, పైట నిండా కప్పుకుని నేల మీద కూర్చుంది.

"అయ్యో, పైన కూర్చోండి!"

"ఆయనెదురుగా కుర్చీలోనా? భలేదానివమ్మా!"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"సరే, అక్కడినుంచే అడగండి."

"ఆయన అడక్కుండా నానెప్పుడు నోరిప్పేను?"

"పోనీ, ఆయన ఏమడిగేవారు?"

"అన్నం ఎట్టమనీవోరు. డ్యూటీ బట్టలేవనీవోరు."

"ఇంకా?"

గున్నమ్మ రెండు వేళ్లు మడిచి, మూడోదాని దగ్గర ఆగింది.

"ఇంకేటీ లేదమ్మా. ముప్పై రెండేళ్లూ అంతే."

కనకలత ఆ మాట రాసుకుంటుండగా, గున్నమ్మ నేలకేసి చూస్తూ మెల్లగా అంది:

"మరి నొప్పని నాతోటెలా చెప్తారు?"