నవ్వని మనిషి

మేనేజరునైన మొదటి రోజే, కుట్టుమిషన్ల హాల్లో అందరినీ నిలబెట్టి ఒక జోకు చెప్పాను. పాత మేనేజరు నెలకోసారి చెప్పే జోకే. అప్పట్లో అందరికంటే ముందు నవ్వింది నేనే. ఇవాళ వీళ్లేం చేస్తారో చూద్దామని చెప్పాను.

జోకు సగంలో ఉండగానే హాలంతా ఘొల్లుమంది. కటింగ్ మాస్టరైతే పొట్ట పట్టుకుని బల్లమీద వాలిపోయాడు. నిన్నటిదాకా నన్ను ‘ఒరేయ్’ అని పిలిచిన నోరది. ఛీ, వీళ్ల మధ్యేనా ఇన్నేళ్లూ బతికాను!

ఒక్క మనిషి నవ్వలేదు. నాకు పని నేర్పిన అక్క. దగ్గరికెళ్లి, “ఏం అక్కా, అర్థం కాలేదా?” అన్నాను.

“అర్థమైంది. నవ్వు రాలేదు,” అంది సూదిలో దారం ఎక్కిస్తూ. “నీకు మాత్రం ఎప్పుడైనా వచ్చిందా?”

ఇంతమందిలో మనిషంటూ ఉంటే ఈవిడొక్కతే అనుకున్నాను. నా గదిలోకి వచ్చి కూర్చున్నాక కూడా అదే అనుకున్నాను.

మధ్యాహ్నం పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఊరవతల గోడౌన్‌కి ఒకరిని పంపాలట. రెండు బస్సులు మారి వెళ్లాలి. అక్కడికి పోయినవాళ్లెవరూ మళ్లీ ఈ హాలు మొహం చూడలేదు.

కటింగ్ మాస్టరు బల్ల పక్కన వంగి నిలబడ్డాడు. “ఎవరి పేరు రాయమంటారు సార్?”

“నేను రాస్తాలే,” అని కాగితం లాక్కున్నాను. అక్క పేరు రాశాను. కారణం అన్నచోట ‘నలుగురితో కలవదు’ అని రాశాను.

అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.