నలభై పేర్లు

బడి గేటు దగ్గర ఆ ముసలామె మూడో రోజు కూడా కూర్చుని ఉండటం చూసి పర్శరాములుకు ఒళ్లు మండిపోయింది.

ఆయన కాంపౌండరు. మంథని దగ్గర ఆ ఊరి బడిలో క్షయకు కొత్త గోళీల పరీక్ష పెట్టారు. పేరు రాయించుకున్న రోగులు ఏడాదిపాటు రోజూ మింగాలి. నలభైమంది కుదిరితేనే మొదలు. లేకుంటే శుక్రవారం డాక్టరు మందుపెట్టెలు సర్దుకుని వేరే జిల్లాకు పోతాడు.

మొదటి పేరు పర్శరాములు భార్య సరోజనది. దగ్గితే రక్తం పడుతోంది. బయట ఆ మందు దొరకదు.

ముప్పై ఆరు పేర్లయ్యాయి. ఇంకా రెండు రోజులే గడువు.

జనం అంత తేలిగ్గా వచ్చేవాళ్లు కాదు. "పోయినేడు గోదారి అవతల గట్టయ్య గీ గోళీలు మింగే సచ్చిండట" అని ఇంటింటా అదే మాట.

అంతలో ఒక రైతు గేటు దాకా వచ్చాడు. ముసలామె అతని చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. అతను తల దించుకుని వెనక్కి పోయాడు. నిన్న ఇద్దరు అలాగే పోయారు.

"ఎవలు నువ్వు? ఏ ఊరు?"

"ఆవలొడ్డు, బిడ్డా."

"వచ్చేటోళ్లను ఎందుకు మర్లగొడ్తున్నవ్?"

"అందర్ని గాదు బిడ్డా. జర నా మాట ఇను..."

"నా ఇంటిది సస్తున్నది. నువ్వు నా నోట్ల మన్ను కొడ్తున్నవ్."

ఊరి కావలి సుంకరిని పిలిచి ఆమెను పొలిమేర దాటించేదాకా ఊరుకోలేదు. ఆమె తిట్టలేదు. మూట చంకన పెట్టుకుని పడవరేవు దారి పట్టింది.

పీడ పోయిందనుకున్నాడు.

మర్నాడు కొత్తవాళ్లు ఒక్కరూ రాలేదు. పాతవాళ్లే వచ్చారు.

"నా పేరు కొట్టెయ్యి సారూ."

కారణం అడిగితే మొహం తిప్పుకుని పోయారు. శుక్రవారం పర్శరాములు ఇల్లిల్లూ తిరిగి కాళ్లు పట్టుకున్నాడు. తలుపులు మూసుకున్నారు.

మధ్యాహ్నం పెట్టెలు జీపెక్కాయి. "ఒక్క దినం ఆగుండ్రి సార్" అని వెంట పరుగెత్తాడు. జీపు ఆగలేదు.

బడి మెట్ల మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. సరోజనకు ఏమని చెప్పాలి?

నిన్న పేరు కొట్టేయించుకున్న కొండల్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"గా అవ్వ ఉన్నదనే ధైర్నం చేసినం సారూ. నువ్వు ఎల్లగొడ్తివి. ఏదో దాస్తుండ్రనుకున్నం."

"మర్లగొట్టింది గామెనే కదనే."

"ఏడాది మింగనోడు షురూనే చెయ్యొద్దన్నది. మింగుతమన్నోళ్లతోని ఒట్టేయించుకొని లోపటికి తోలింది. మా అందరి ఇండ్లకు తిరిగింది గామెనే."



"ఎవలో ఆవలొడ్డు ముసల్ది చెప్తే ఎట్ల నమ్మిండ్రు?"



"గట్టయ్య గోళీలతోని సావలే, మంది మాటలిని నడుమల బంద్ చేసి సచ్చిండని ఇంకెవలు చెప్పినా నమ్మకపోదుం సారూ, గామె గట్టయ్యను కన్నతల్లి."