బయటి గడియ

"మహా రచయిత నవలలన్నీ ఈ గదిలోనే రాశారండీ," అన్నాడు గైడు, గొంతు తగ్గించి.

తోటవైపు కిటికీ, నున్నటి బల్ల, దాని చుట్టూ ఎవరూ ముట్టుకోకుండా తాడు. చూస్తుంటే నాకు కడుపు మండిపోయింది.

"చూశావా? ఇలాంటి గది ఒక్కటుంటే నేనూ రాసి పారేసేవాణ్ణి," అన్నాను మా ఆవిడతో. పెళ్లయినప్పటి నుంచీ నాది ఇదే పాట.

ఆవిడ బల్ల వంక చూడలేదు. తలుపు వంక చూస్తోంది.

"బాబూ, ఈ గడియేంటి, బయటివైపు ఉంది?"

గైడు నవ్వాడు. "ఆయనకి పేకాట పిచ్చండీ. కాస్త ఏమరితే చాలు, ఉడాయించేవారట. అందుకని వాళ్లావిడ ఆయన్ని లోపలికి పంపి గడియ పెట్టేసేవారు. రాసిన పేజీ తలుపు కిందనుంచి తోస్తేనే కాఫీ!"

వచ్చినవాళ్లంతా గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. మా ఆవిడ మాత్రం నవ్వకుండా, ఆ గడియని అటూ ఇటూ జరిపి చూసింది.

తిరిగొస్తూ ఇనపసామాన్ల కొట్లో ఏదో కొంది. బాత్రూం తలుపుకి కాబోలనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా సామాన్ల గది ఖాళీ చేసి బల్ల వేసింది. "ఒకసారి కూర్చుని చూడండి, బాగుందో లేదో," అంది. మురిసిపోతూ వెళ్లి కూర్చున్నాను.

మా తలుపు కింద సందు మరీ సన్నం. నవలైతే దూరదు. నేనిది రాస్తున్న ఈ పోస్టుకార్డైతే దూరుతుంది. అందుకే కథ ఇంతటితో ఆపేస్తున్నాను.

అవతల కాఫీ వాసన వస్తోంది.