పడగ్గది కింద జల

కర్ర తాత ఆగిన చోట నీళ్లు పడకపోవడమనేది లేదు. నలభై ఏళ్లలో నూట పన్నెండు బావులు. ఆయన బండరాయి మీద ఆగినా సరే, మర్నాటికి అక్కడ బిందెలు వరస కట్టాల్సిందే.

అలాంటివాడితో ఆ వేసవిలో ప్రెసిడెంటుకు పని పడింది. ఊరికి మంజూరైంది ఒక్కటే బోరు. ఎండలు ముదిరితే కింది వీధి ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి వాగులో చెలమలు తోడుకుంటున్నారు. నేలంతా మిషన్‌తో కొలిచిన ఇంజనీరమ్మ బడి గోడ పక్కన సున్నంతో గుర్తు పెట్టింది. గుట్ట మీద కురిసిన వానంతా అక్కడికే ఇంకుతుందట. తాగడానికే వాడుకుంటే ఏ వేసవికీ ఎండదట.

ప్రెసిడెంటేమో తన పెరట్లోనే వేయాలంటాడు. పెరటి వెనకే ఆయన చెరకు తోట. అది తాగాక ఊరికి మిగిలేది బురదేనని అందరికీ తెలుసు. కానీ తీర్మానం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

ఇంజనీరమ్మ విసుక్కుంది. "నా మిషన్ని నమ్మరు. ఆ పై ఊళ్లో కర్ర పట్టుకు తిరిగే ముసలాయన్ని పిలిపించుకుంటారు, అంతేగా. ఆ చాదస్తం మాత్రం నా దగ్గరికి తేకండి."

వద్దన్నాక ప్రెసిడెంటు ఊరుకుంటాడా? తెల్లారగానే కారు పంపాడు.

తాత దిగాడు. పంగల కర్ర రెండు చేతులా పట్టుకుని పెరడంతా తిరిగాడు. ఊరంతా వెనకాలే. కర్ర ఉలకలేదు. మెట్ల దగ్గర వణికింది. వసారాలో ఊగింది. తాత చెప్పులు విప్పి హాల్లోకి, అక్కడినుంచి పడగ్గదిలోకి నడిచాడు. మంచం పక్కన కర్ర నేలకేసి వంగిపోయింది.

"ఏనుగు తొండమంత జల బాబూ. మంచం తీయించండి. ఈ గోడ కొట్టేస్తే బోరు బండి లోపలికి వచ్చేస్తుంది."

ఊరి మంచి కోసం కదా అని కింది వీధివాళ్లు అప్పటికే గునపాలు తెచ్చేశారు. నిరుడే పరిపించిన గ్రానైటు నేల అది. ప్రెసిడెంటు భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"గోడ మీద గునపం పడితే నేను మా అన్నయ్య ఇంటికి పోతా. మీరు బోరుతో కాపురం చేసుకోండి."

ప్రెసిడెంటు తాతను పక్కకు లాగి, ఈ జల ఇంకెక్కడైనా తేలుతుందేమో చూడమని బతిమాలాడు. తాత ముక్కీ మూలిగీ ఒప్పుకున్నాడు. వీధి దాటి, మలుపు తిరిగి, బడి గోడ పక్కన సున్నం గుర్తు మీద ఆగాడు.

"అంత జోరుగా లేదు. సరిపెట్టుకోండి."

ప్రెసిడెంటు ఆ గోడకే కాగితం ఆనించి సంతకం గీకేశాడు. ఏదో కలిసొచ్చిందిలే అని మూతి ముడిచింది ఇంజనీరమ్మ.

నాలుగు వేసవులు గడిచాయి. బోరు ఎండలేదు.

నూట పన్నెండు బావులు మాత్రం నా కల్పన: పోస్టాఫీసులో రిటైరైన ఆ తాత అంతకుముందు ఆదివారం దాకా పంగల కర్ర ముట్టి ఎరగడు, దాన్నెలా వణికించాలో వంటింట్లో నిలబెట్టి నేర్పింది ఆయన సొంత మనవరాలు, మన ఇంజనీరమ్మ.